భీవండిలో మామ చదివిన తైవాన్ సినిమా

భీవండికి ఊరు చూడ్డానికి ఎవరూ పోరు. పనికి పోతారు, పెళ్లికి పోతారు, చావుకు పోతారు. నేను సినిమా చూపించడానికి పోయాను. తిరిగొచ్చి నెల దాటినా అది ఈ మూడింట్లో దేని కిందికి వస్తుందో తేల్చుకోలేకపోతున్నాను. రోజురోజుకీ మూడోదాని వైపే మొగ్గుతున్నాను.

నేను జగిత్యాలలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక్కోటి ఐదు గంటలుంటుంది. పెళ్లికూతురి తల్లి ఒకసారి చూస్తుంది, తర్వాత దాన్ని బీరువా చూస్తుంది. అందుకే తైవాన్, ఇరాన్, కొరియా సినిమాలు నెమ్మదిగా నడుస్తాయని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. నేను నిజంగా నెమ్మదైనవి చూసినవాణ్ని. పెళ్లి వీడియోలో నేను కత్తిరించి పారేసే ముక్కలు కొన్నుంటాయి. పెళ్లికూతురి తండ్రి కుర్చీలు సర్దుతూ సర్దుతూ వాటిలోనే ఒకదాంట్లో కూలబడతాడు. వంటాయన గరిటె పట్టుకుని ఎటో చూస్తుంటాడు. ఆ సినిమాల వాళ్లు మిగతా పెళ్లంతా కత్తిరించి ఈ ముక్కలే ఉంచుతారు. నాకు వాటి మీద ప్రేమ పుట్టింది అక్కడే. పారేసినవన్నీ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయని తెలిసినట్టయింది.

మా మామ దేవదానం, అమ్మకు తమ్ముడు, ముప్ఫై రెండేళ్లు ముంబై పక్కన ఈ భీవండిలో మరమగ్గాలు నడిపాడు. వాటిని అక్కడా ఇక్కడా సాంచలనే అంటారు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఒకప్పుడు వారానికో సినిమా చూసి, మర్నాడు కథంతా షెడ్డుకు చెప్పే మనిషి, రెండేళ్లుగా టీవీ ముందు కూడా కూర్చోవడం లేదని ఆయన కూతురు రూతు ఫోన్ చేసింది. "గోడ దిక్కు సూస్తుండు బావా. కుఛ్ కర్ నా, ఏదన్న చెయ్."

నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రావడమే మా ఇంట్లో పెద్ద సమస్య. వినబడని మనిషికి చదువుకునే సినిమా కావాలి. విదేశీ సినిమాకు కింద అక్షరాలుంటాయి, కానీ ఇంగ్లీషులో. నేను వాటిని తెలుగు చేస్తాను. మామ ప్రతి ఆదివారం చర్చిలో లేచి వాక్యం చదివే సంఘపెద్ద. మా బంధువుల్లో చదువు అన్న మాట రాగానే ఆయన పేరే చెబుతారు. చెవులు పోయి, పని పోయి, మామకు మిగిలింది ఆదివారం నాటి ఆ పది నిమిషాలే.

వాటిని కూడా పోగొట్టి వచ్చాను. ఎట్లా పోగొట్టానన్నదే ఈ కథనం.

రాసేటప్పుడు రూతును ఒక మాట అడిగాను: మామకు ఎట్లాంటి తెలుగు అలవాటు? "నాన్న బైబిలు తప్ప ఇంకోటి సదవడు బావా. పేపర్ గూడ ముట్టడు," అంది. భక్తి అనుకున్నాను. మూడు నెలలు కూర్చుని తైవాన్ సినిమా మొత్తాన్ని చర్చి తెలుగులోకి దించాను. గొడుగులు బాగుచేసుకుని బతికే ఒకామె, మీ గొడుగు రేపటికి సిద్ధమగును, అంటుంది. గొడుగు తెచ్చినవాడు, ఆలస్యము చేయకుము, అంటాడు.

బస్సు

భీవండి బస్సులో సగం మంది బియ్యం మూటలతో ఎక్కుతారు. అక్కడ బియ్యం దొరకవని కాదు, దొరికేవి బియ్యం కావని వాళ్ల నమ్మకం. నా పక్కన కూర్చున్న ముసలామె నాకు రెండు సకినాలిచ్చి, ఒళ్లో పెట్టుకున్న సంచిలో ఏముందని అడిగింది.

"సినిమాలు అవ్వా."

"ఎవలయి?"

"తైవాన్‌వి."

"గదేడున్నది, నాందేడ్ అవుతల్నా?"

"ఇంకొంచెం అవుతల."

ఆమె నా సంచి వంక జాలిగా చూసి ఇంకో సకినం ఇచ్చింది.

నడవాకు అటొకరు ఇటొకరు ఇద్దరు ముసలాళ్లు చప్పుడు లేకుండా మాట్లాడుకుంటున్నారు. బస్సులో పాటలు అద్దాలు అదిరేలా మోగుతున్నాయి. మిగతావాళ్లం చెవుల్లో నోరు పెట్టి అరుచుకుంటుంటే, వీళ్లు మాత్రం పెదవులు కదిలించి, వేళ్లు తిప్పి, ఏదో కోడలి సంగతి హాయిగా తేల్చేస్తున్నారు. దాబా దగ్గర దిగినప్పుడు ఒకాయన్ని అడిగాను.

"సాంచల కాడ నేర్సుకున్నం పిలగా. గా సప్పుట్ల నోరుతోటి ఏం మాట్లాడుతవ్? మూతి సూసి సమజ్ చేసుకునుడే."

"మూతి సూస్తే అంతా తెలుస్తదా?"

"తెలుగు మూతి తెలుస్తది. హిందీ మూతి తెలుస్తది. మా కోడలు మూతి ఒక్కటే ఇప్పటికీ తెలుస్తలేదు."

ఇరవై రూపాయలకు ఒక టీ తాగి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ యాత్రలో నేను మనసారా నవ్వింది అదే చివరిసారి అనుకుంటాను.

నార్పోలి

మన దగ్గర చుట్టం వస్తే అన్నం తిన్నవా అని అడుగుతారు. భీవండిలో మామ ఉండే నార్పోలిలో, ఏ పాళీ, అని అడుగుతారు. అంటే ఏ షిఫ్టు అని. చుట్టం కూడా పగలో రాత్రో ఎక్కడో ఒకచోట నిలబడి పనిచేస్తుంటాడని వాళ్ల లెక్క. నేను పెళ్లి వీడియోల పని చెబితే, "సీజన్ల పాళీ అన్నట్టు," అని ఒకాయన నాకొక గడి కేటాయించాడు మనసులో.

గల్లీలో సగం షెడ్లు చప్పుడు చేస్తున్నాయి, సగం చేయడం లేదు. చేయని వాటి ముందు గ్యాస్ కట్టర్‌తో సాంచల్ని కోసి, ఇనుప ముక్కల్ని లారీలోకి విసురుతున్నారు. తూకానికి అమ్ముతారట. మామ పనిచేసిన షెడ్డులో ఇప్పుడు అట్టపెట్టెలున్నాయి. మామ ఆ షెడ్డుకే వాచ్‌మన్. చప్పుడైతే లేచి చూడాలి. చప్పుడు వినబడని మనిషికి ఆ ఉద్యోగం ఇచ్చిన సేఠ్ మంచివాడో, అట్టపెట్టెలంటే లెక్కలేనివాడో తెలియదు.

మామ నన్ను చూసి గల్లీ మొత్తానికి వినబడేలా, "అల్లుడొచ్చిండు," అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. అత్త తప్ప ఇంట్లో అందరూ అట్లాగే మాట్లాడతారు. రూతు పుట్టినప్పటి నుంచీ అరిచే మాట్లాడింది కాబట్టి ఆమెకు గుసగుస అన్నది చేతకాదు. మెల్లగా చెప్పు అంటే ఇంకా గట్టిగా, "మెల్లగనే చెప్తున్న," అంటుంది.

మామకు మూతి కనబడితే చాలు. పాస్టరయ్య ఆ మధ్య మీసం పెంచాడట. రెండు నెలల ప్రసంగాలు మామకు పూర్తిగా పోయాయి. "ఆ మీసం ఎనుక దేవుడు ఏం సెప్తుండో ఏమో," అన్నాడు. తర్వాత ఎవరో చెబితే పాస్టరయ్య మీసం కత్తిరించుకున్నాడు, పూర్తిగా కాదు, వాక్యానికి దారి ఇచ్చేంత.

గురువారం మధ్యాహ్నం మామను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. సినిమా మొదలైంది. కింద నా అక్షరాలు కనబడగానే మామ నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు. నేను నీ మూతి సూస్త."

"ఎందుకు మామా, కింద రాసిన గదా. నీ అంతట నువ్వే సదువుకో," అని పెదవులు సాగదీసి చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నా మీద కలిగిన గర్వం ఇప్పటికీ ఒంట్లో ఎక్కడో ముల్లులా ఉంది.

మామ గంటా నలభై నిమిషాలు తెర వంకే చూశాడు. రెప్ప కూడా వేయలేదేమో. అయిపోయాక, "మంచిగున్నది," అన్నాడు.

ఏం మంచిగున్నదని నేను అడగలేదు.

కాల్హేర్

ఆ సాయంత్రం అత్తకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కాల్హేర్ పోయాను. గోదాముల మధ్యలో గోదాములు. ఒకప్పుడు ఇక్కడ పొలాలుండేవని ఆటో అతను చెప్పాడు. పెట్టుబడి లేని అబద్ధంలా ఉంది గానీ నిజమే అయ్యుంటుంది. వడాపావ్ పదిహేను రూపాయలు. లారీ డ్రైవర్ల కోసం చేసిన కారం కాబట్టి అది తిన్నవాడికి వారం దాకా నిద్ర పట్టదు.

సుగుణత్త అక్కడ పెట్టెల మీద చీటీలు అతికిస్తుంది. గేటు బయట కూర్చుని తింటూ ఉంటే నా ప్రణాళిక చెప్పాను. శుక్రవారం సాంచలకు సెలవు, ఊరంతా నిశ్శబ్దం. చర్చి షెడ్డులో నాలుగు గంటలకు సినిమా. నలభై మంది వస్తున్నారు. అందులో ముప్పావు వంతు పిల్లలూ కుర్రాళ్లూ, మరాఠీలోనో హిందీలోనో చదువుకున్నవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం వాళ్లకు ముగ్గుతో సమానం. మిగతా పెద్దల్లో చాలామంది బడికి పోలేదు. నేను మూడు నెలలు రాసిన తెలుగు ఈ ఊళ్లో కుర్రవాడెవడూ చదవలేడన్న సంగతి నాకు ఊళ్లోకి దిగాక గానీ తట్టలేదు.

"మరి ఎవలు సదువుతరు?" అంది అత్త.

"మామనే. గట్టిగ సదువుతుంటే అందరు వింటరు. రూతు అందరికి చెప్పేసింది."

అత్త చేతిలో ముద్ద డబ్బాలోకి తిరిగి పెట్టేసింది.

"నేను సదువుత తీయ్."

"నీ గొంతు రెండో వరుసకు గూడ రాదత్తా."

"అయితే సినిమా వద్దు."

"ఎందుకు?"

"ఆయనకు దమ్ము ఎక్కువైతది, ఊపిరాడది, అంతసేపు నిలబడితె."

"కుర్సీ ఏస్త."

ఆమె నా మొహం వంక కాసేపు చూసింది. నేను పెళ్లిళ్లలో ఎన్నో వేల మొహాల్ని దగ్గరగా చూసిన మనిషిని. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ ఉంచాలో మొహం చూసే చెబుతాను. ఆ మొహంలో నాకు కనబడింది మొహమాటం.

శుక్రవారం, నాలుగు గంటలు

చర్చి కూడా ఒకప్పటి సాంచల షెడ్డే. నేలలో బోల్టుల మొండేలు అట్లాగే ఉన్నాయి, చూసుకోకపోతే కాలికి తగులుతాయి. బాలరాజు సేఠ్ అని సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి, ఇంకా పన్నెండు సాంచలు నడుపుతున్నాడు, తెరకోసం కోరా గుడ్డ ఇచ్చాడు. అతనూ వచ్చి ముందు వరుసలో కళ్లద్దాలతో కూర్చున్నాడు.

ఆ గుడ్డ కట్టగానే మొదటి చర్చ సినిమా మీద కాదు.

"ఎడమ దిక్కు పోగు తెగింది సూడు."

"తెగలే, వాలింది."

"బాలరాజు సేఠ్, గిదేనా నీ మాల్? గందుకే సూరత్‌వాలా వాపస్ పంపుతుండు."

తైవాన్ నుంచి ఒక సినిమా భీవండి దాకా వచ్చి తెర మీద పడితే, ఈ జనం తెరను చూశారు. విమర్శకులెవరూ ఇంత నిజాయితీగా ఉండరు.

మామ తెల్లచొక్కా వేసుకుని తెర పక్కన నిలబడ్డాడు. కుర్చీ వద్దన్నాడు. తెర కనబడాలి కాబట్టి జనం వైపు సగం వీపు పెట్టాడు. లైట్లు ఆర్పాను.

మొదటి దృశ్యంలో ఒక మనిషి వచ్చి చినిగిన గొడుగు ఇస్తాడు. కింద నా అక్షరాలు వచ్చాయి: ఇది రేపటికి కావలెను. మామ గొంతు షెడ్డంతా నిండింది.

"అమ్మా, నీ పెనిమిటి ఎక్కడికి పోయెను?"

ఆమె ఏదో అంది. కింద రాసి ఉంది: నేడే వాన వచ్చునట్లున్నది. మామ చదివాడు:

"ఎరుగను. తొమ్మిది సంవత్సరములాయెను."

మొదట నేను తప్పు ఫైలు పెట్టానేమో అనుకున్నాను. మనిషి మెదడు తన తప్పునే ముందు వెతుక్కోవడం ఎంత గొప్ప గుణం. నాకున్నది ఆ ఒక్క గుణమే, అది కూడా అప్పుడు పనికిరాలేదు. మూడో మాటకు అర్థమైంది. మామ చదవడం లేదు. అక్షరాలు వచ్చినప్పుడల్లా మొహాలు చూసి, నిన్న చూసింది గుర్తుపెట్టుకుని, తన దగ్గరున్న బైబిలు తెలుగులో అల్లుతున్నాడు.

పక్కనే ఉన్న అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్లు నా చర్మంలోకి దిగాయి. నాకు అర్థమైందని ఆమెకు అర్థమైంది.

ముందు వరుసలో బాలరాజు సేఠ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కింది అక్షరాలు చూసి, మామను చూసి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తర్వాత కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ షెడ్డులో ఆ సాయంత్రం అంతకంటే మర్యాదైన పని ఎవరూ చేయలేదు.

జనమంతా మామ చేతిలో ఉన్నారు. ఆమె భర్త వదిలి వెళ్లిపోయిన సంగతిని డైరెక్టరు నలభై నిమిషాలు దాచిపెట్టాడు. మామ రెండో నిమిషంలో చెప్పేశాడు. అయినా కథ నడిచింది, ఇంకా చెప్పాలంటే బాగా నడిచింది. గొడుగు ఊచలు వంచుతున్న ఆమె చేతులు చూసి, "ఈ చేతులు నిద్ర ఎరుగవు," అన్నాడు. అక్కడ నేను రాసింది, వెల ఎంత. వెనక వరుసలో ఒకమ్మాయి ముక్కు చీదింది. నా తెలుగుకు ఎవరూ ఎప్పుడూ ముక్కు చీదలేదు.

గంటా పది నిమిషాలు అట్లా గడిచింది. ఇంకో అరగంట గడిస్తే చాలు. దేవుణ్ని నేను పెళ్లి వీడియోల్లో తప్ప తలచుకోను. ఆరోజు తలచుకున్నాను.

తర్వాత ఆ దృశ్యం వచ్చింది.

భర్త తిరిగొస్తాడు. ఎన్నేళ్లకో సినిమా చెప్పదు, తొమ్మిది మామ లెక్క. వాన. ఆమె ఏమీ అనకుండా రెండు గిన్నెల్లో నూడుల్స్ పెడుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు. ఏడు నిమిషాలు. కెమెరా కదలదు, ఎవరూ మాట్లాడరు. నేను ఆ సినిమాను ప్రేమించిందే ఈ ఏడు నిమిషాల కోసం. దీని గురించి మా సినిమా గ్రూపులో మూడుసార్లు రాశాను. ఇక్కడ ఒక్క మాట ఉన్నా సినిమా చచ్చిపోయేది అని రాశాను. మౌనానికి అనువాదం అక్కర్లేదు అని కూడా రాశాను. నలుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

తెర మీద భర్త నములుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. మామకు వాన చప్పుడు వినబడదు, నిశ్శబ్దమూ వినబడదు. కదిలే పెదవులే ఆయనకు మాట.

"నన్ను క్షమింపుము," అన్నాడు మామ.

తెర కింద ఖాళీ.

"ఆ పట్టణములో నాకు పని దొరకలేదు. సిగ్గుచేత నీకు ఉత్తరము వ్రాయలేదు."

ముగ్గుల్లా కనబడినా సరే, అక్షరాలు ఉన్నాయా లేవా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. గుసగుస చేతకాని రూతు నా వైపు వంగి, ఊరికే అడిగింది:

"బావా, నీచే తో కుఛ్ హై హీ నహీ. కింద ఏం లేదు గదా. నాన్న ఏం సదువుతుండు?"

అందరికీ వినబడింది. మామకు తప్ప.

ముందు ఒక నవ్వు. తర్వాత కొన్ని. ఆపైన వెనక నుంచి ఒక కుర్రాడు: "దేవదానం కాకా, వాడు మాట్లాడుతలేడు, నములుతుండు."

షెడ్డు ఘొల్లుమంది. నవ్వింది చెడ్డవాళ్లు కాదు. ఆ జనంలో నేనుంటే నేనే మొదట నవ్వేవాణ్ని. మామ వీపు మా వైపు ఉంది. ఆయన చదువుతూనే ఉన్నాడు.

"ప్రతి దినము నీ వాకిటి ముందుకు వచ్చినట్లు కల గంటిని. తలుపు కొట్టుటకు ధైర్యము చాలకపోయెను."

రూతు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవాలని ఆమెకు పుట్టిన్నుంచీ మొదటిసారి తట్టింది. నేను లాప్‌టాప్ ఆపొచ్చు. ఆపలేదు. ఆపితే ఆయనకు తెలిసిపోతుందనుకున్నాను. ఇంకా తెలియలేదన్నట్టు, తెలియకుండా ఉంచగలనన్నట్టు.

అత్త లేచి ప్రొజెక్టరు వెలుతురులోంచి నడిచింది. ఆమె నీడ నూడుల్స్ మీద పడింది. మామ భుజం తట్టి పెదవులతో ఏదో చెప్పింది. నాకు పెదవులు చదవడం రాదు. మామ మెల్లగా మా వైపు తిరిగాడు. నలభై నోళ్లు నవ్వుతూ, కొన్ని ఆపుకుంటూ. నోళ్లు చదవడంలో ఆయనంత నేర్పరి ఆ షెడ్డులో లేడు.

వెళ్లి గోడ పక్కన, ఒక బోల్టు మొండెం పక్కన కూర్చున్నాడు. సినిమా ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది. ఎవరూ చదవలేదు. మర్యాద కోసం ఎవరూ లేచి పోలేదు.

శనివారం

అత్త చెప్పింది, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

"నేను ఏడో తరగతి సదివిన. ఆయన బడికి పోలే. గాని ఒక్కసారి వింటే మర్సిపోడు. పెద్దను చేస్తమన్నప్పుడు రాదని చెప్పలేకపోయిండు. శనివారం పొద్దుగూకంగ నేను సదివేది, ఆదివారం పుస్తకం పట్టుకొని ఆయన సెప్పేది. చెవులు పోయినంక నా మూతి సూసి నేర్సుకున్నడు. పదకొండేండ్లు. ఒక్క మాట తప్పు పోలే."

"నాకు ముందే చెప్తే ఏమయ్యేదత్తా?"

"నువ్వు తన అక్క కొడుకువని ఆయన నిన్ను సూసి మురుస్తడు. నీకెట్ల చెప్తం?"

రూతు తలుపు దగ్గర నిలబడి ఉంది. "చిన్నప్పటి సంది నాకు కథలు పుస్తకం పట్టుకొని సెప్పిండు," అంది. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు మెల్లగా ఉంది. "పేజీలు గూడ తిప్పేటోడు."

మధ్యాహ్నం నలుగురం కూర్చుని తిన్నాం. అత్త బోటి కూర వండింది, నాకిష్టమని. ఎవరూ మాట్లాడలేదు. తెర మీద ఇట్లాంటిది చూస్తే నేను గొప్ప దృశ్యం అంటాను. ఇక్కడ కత్తిరించడానికి చెయ్యి తపించింది. మామ పళ్లెం వంకే చూస్తూ తిన్నాడు. ఆయన ఎవరి మూతీ చూడకపోతే ఆ ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడలేరు. తలుపు వేసుకోవడానికి ఆయనకు తలుపు అక్కర్లేదు.

పొద్దుగూకింది. అత్త బైబిలు తీసి చాప మీద కూర్చుంది. మామ అట్టపెట్టెల కాపలాకు వెళ్లిపోయాడు, ఆరోజు తన పాళీ కాకపోయినా.

ఆదివారం

పాస్టరయ్య మంచివాడు. ఏమీ జరగనట్టే, "దేవదానమన్న వాక్యం చదువుతారు," అన్నాడు. మామ లేవలేదు. వినబడలేదేమోనని పాస్టరయ్య ముందుకు వచ్చి, వేలితో మీసం పైకెత్తి పట్టుకుని, మళ్లీ చెప్పాడు. ఇంకోరోజైతే దాన్ని నేను పదేళ్లు చెప్పుకుని నవ్వేవాణ్ని. మామ చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అయితే మన ప్రవీణ్ ఉన్నాడు కదా. చదువుకున్నవాడు," అన్నాడు పాస్టరయ్య.

లేచి చదివాను. ఒక్క తప్పు లేకుండా చదివాను. రెండో వరుసలో ఒకామె పక్కామెతో కూరగాయల సంగతి మాట్లాడుకుంది. మామ చదివేటప్పుడు అట్లా ఎవరూ మాట్లాడరట. తర్వాత రూతు చెప్పింది.

ప్రార్థన అయ్యాక బాలరాజు సేఠ్ బయట నా కోసం నిలబడి ఉన్నాడు. అతనిది వేరే దేవుడు, ఊరికే వచ్చాడు. "నువ్వు రాసింది నేను గూడ సదివిన," అన్నాడు. "మీ మామ సదివిందే మంచిగుండె. గిది ఆయనకు చెప్పుదామంటె ఆయన నా మొఖం దిక్కు సూస్తలేడు."

సోమవారం

బస్సు ఆగే చోటికి మామ వచ్చాడు. నా సంచి తనే మోశాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు కాబట్టి నేను ఏమీ చెప్పలేకపోయాను, అని ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. వడాపావ్ బండి దగ్గర ఆగి రెండు కొన్నాడు. ఒకటి నాకిచ్చి, నా మొహం వంక చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి. ఆయనకు గొంతు తగ్గించడం రాదు కానీ ప్రయత్నించాడు. బండివాడు మాత్రమే తిరిగి చూశాడు.

"అల్లుడా, గాయన అన్నం తినుకుంట ఏమన్నడు? నిజంగ ఏం రాసి ఉండె?"

నేను నోట్లో ఉన్నది మింగేశాను. నమిలితే ఆయన ఏదన్నా అనుకుంటాడని.

"ఏమనలే మామా. ఊకె తిన్నడు."

"గంతసేపు?"

"గంతసేపు."

"తొమ్మిదేండ్లకు వచ్చి? గామె ముంగట కూసొని?"

తల ఊపాను. మామ దాని గురించి ఆలోచించాడు. ఇంకా నా పెదవుల వంకే చూస్తున్నాడు, ఇంకేమన్నా వస్తుందేమోనని. నేను వడాపావ్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. బస్సు వచ్చింది.